ల్యాండ్‌లైన్ బ్రాడ్‌బ్యాండ్ మాటిమాటికీ తెగుతుంటే

ఫోన్ మాటలకు 4 కిలోహెర్ట్జ్ దాకా ఫ్రీక్వెన్సీ చాలు. అదే రాగి జత మీద ఏడీఎస్‌ఎల్2ప్లస్ (ఫోన్ తీగ మీద నెట్ నడిపే పద్ధతి) 2.2 మెగాహెర్ట్జ్ దాకా వాడుకుంటుంది. ఆ పై ఫ్రీక్వెన్సీలను చిన్న లోపమైనా దెబ్బతీస్తుంది. అందుకే ఫోన్ చక్కగా పలుకుతున్నా నెట్ తెగుతుంటుంది. లైన్‌మన్‌ని పిలిచేముందు లోపం ఇంట్లోదా, వీధిలోదా తేల్చుకోండి.

ఫోన్లన్నీ పీకేసి, డ్రాప్ వైరు (వీధి నుంచి వచ్చే తీగ) ఇంట్లోకి వచ్చి చేరే మొదటి రోజెట్ బాక్సు (తీగలు బిగించే చిన్న డబ్బా) దగ్గర ఇంటి లోపలికి పోయే మిగతా తీగలు విప్పేసి, స్ప్లిటర్ (ఫోన్‌నీ నెట్‌నీ విడదీసే డబ్బా) కూడా లేకుండా, పొట్టి తీగతో మోడెంని దానికే కలపండి. అరగంట నిలకడగా ఉంటే తప్పు ఇంట్లోదే, వైరింగుదో ఫోన్లదో స్ప్లిటర్‌దో. తెగుతూనే ఉంటే మోడెం అడాప్టర్ మార్చి చూశాకే బయటి లైనును అనుమానించాలి.

వైరింగులో ముందు చూడాల్సింది ప్యారలల్ ఫోన్, అంటే అదే లైనుకి కలిపిన రెండో ఫోన్. రింగ్ రాగానే నెట్ పోతోందంటే దాన్ని స్ప్లిటర్‌కి ముందే కలిపేసి ఉంటారు. స్ప్లిటర్‌లో ఫోన్ అని రాసివున్న రంధ్రం నుంచే తీసుకోవాలి. ఎవరూ పట్టించుకోనిది, వాడకుండా వదిలేసిన పాత ఎక్స్‌టెన్షన్ తీగ. చివర ఏమీ లేకపోయినా అది సిగ్నల్‌ని వెనక్కి తిప్పికొడుతుంది. 25 మీటర్ల ముక్క సుమారు 2 మెగాహెర్ట్జ్ దగ్గర, 50 మీటర్లదైతే 1 మెగాహెర్ట్జ్ దగ్గర దెబ్బ కొడుతుంది. రోజెట్ దగ్గరే విప్పేయండి.

రాగికి చిలుము పట్టివుంటే కొసలు రెండు సెంటీమీటర్లు కత్తిరించి, కొత్తగా ఒలిచి బిగించండి. లైను మీద 48 వోల్టులుంటాయి, రింగ్ వచ్చినప్పుడు ఇంకా పెరుగుతాయి. ఉరుములప్పుడు అసలు ముట్టుకోవద్దు.

ఇక బ్రౌజర్‌లో మోడెం పేజీ తెరవండి, చాలావాటికి చిరునామా 192.168.1.1. ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్ (రొదను తట్టుకోవడానికి సిగ్నల్‌కి మిగిలిన వెసులుబాటు) 6 డెసిబెల్స్ కంటే తగ్గితే లైను నిలవడం కష్టం, 10 పైన ఉంటే నిశ్చింత. అటెన్యుయేషన్ (దారిలో సిగ్నల్ తగ్గిపోయే మొత్తం) 50 డెసిబెల్స్ దాటిందంటే సాధారణంగా ఎక్స్ఛేంజ్ దూరమని అర్థం. అప్పుడు పెద్ద ప్లాన్ తీసుకోవడం డబ్బు దండగ. అటెన్యుయేషన్ తక్కువే ఉండి మార్జిన్ పడిపోతుంటే రొద ఎక్కడో చేరుతోంది. వాన పడ్డాకే ఇలా అయితే డీపీ బాక్సులోనో (వీధిలో ఇళ్లకు లైన్లు పంచే డబ్బా) కేబుల్ జాయింట్‌లోనో నీళ్లు చేరాయేమో చూడాలి. ఫోన్ ఎత్తి ఒక అంకె నొక్కి, డయల్ టోన్ ఆగాక వినండి, గరగర తెలుస్తుంది.

ఫోన్ డెడ్ అయి నెట్ మాత్రం నత్తనడకన వస్తుంటే జతలో ఒక తీగ తెగి ఉండొచ్చు. హై ఫ్రీక్వెన్సీ ఆ చిన్న సందు దాటగలదు, ఫోన్‌ని నడిపే డీసీ కరెంటు దాటలేదు. ఫిర్యాదులో ఈ ముక్క తప్పకుండా చెప్పండి. లేకపోతే వచ్చినవాళ్లు మోడెం లైట్లు చూసి, లైను బాగానే ఉందని వెళ్లిపోతారు.