231.4, 231.6, 231.3... ఇవన్నీ ఎవరికండీ? హోమ్ అసిస్టెంట్‌లో అక్కర్లేని డేటా ఆపడం

మా ఇంట్లో హోమ్ అసిస్టెంట్ (స్మార్ట్ సామాన్లన్నీ ఒకచోట నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) రాస్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద, అదీ ఎస్‌డీ కార్డు మీదే నడుస్తోంది. ఆ మధ్య బ్యాకప్ తీద్దామంటే ఎంతకీ అవ్వదే, ఏంటా అని చూస్తే డేటాబేస్ ఒక్కటే 4 జీబీ దాటేసింది. దొంగ ఎవరంటే ఫ్రిజ్ వెనకాల స్మార్ట్ ప్లగ్. వోల్టేజ్ పాయింట్ తర్వాతి అంకె కదిలినా సరే డేటాబేస్‌లో ఇంకో వరస రాసేస్తోంది. 5 సెకన్లకోటి అనుకున్నా రోజుకి 17,280, డిఫాల్ట్‌గా 10 రోజులు దాస్తుంది కాబట్టి లక్షా డెబ్బై వేల పైమాటే, ఒక్క సెన్సర్‌కి!

ముందు బ్యాకప్ తీసుకుని, ఎవరు ఎక్కువ రాస్తున్నారో చూడండి, గుడ్డిగా ఏదీ తీసేయకండి. డేటాబేస్ లోపల చూపించే ఎస్‌క్యూలైట్ వెబ్ యాడ్ఆన్ వేసుకుని స్టేట్స్ టేబుల్‌లో ఏ ఎంటిటీకి (అంటే ఒక్కో సెన్సర్ విలువకి) ఎన్ని వరసలున్నాయో లెక్కపెడితే మొదటి పదిలోనే అసలు కథ తెలిసిపోద్ది. మా ఇంట్లో వోల్టేజ్, లింక్ క్వాలిటీ (వైర్‌లెస్ కనెక్షన్ ఎంత బాగుందో చెప్పే అంకె), వైఫై సిగ్నల్, ఇవే.

ఇప్పుడు కాన్ఫిగరేషన్ యామల్ ఫైల్‌లో రికార్డర్ (హిస్టరీ రాసే భాగం) కింద ఎక్స్‌క్లూడ్ పెట్టి వాటి పేర్లు రాయండి, చివర లింక్ క్వాలిటీ అని ఉన్నవన్నీ ఒకేసారి పోవాలంటే ఎంటిటీ గ్లాబ్స్ కింద మిగతా పేరు బదులు స్టార్ (*) పెడితే చాలు, తర్వాత రీస్టార్ట్. చాలామంది భయం ఏంటంటే ఆటోమేషన్లు ఆగిపోతాయేమో అని. ఆగవు, లైవ్ విలువ వస్తూనే ఉంటది, పాత గ్రాఫ్ మాత్రం ఉండదు. కానీ ఎనర్జీ డాష్‌బోర్డ్ వాడేవాళ్ళు కిలోవాట్ అవర్ సెన్సర్ని మాత్రం ముట్టుకోకండి, దాన్ని తీసేస్తే యూనిట్ల లెక్క అక్కడితో ఆగిపోద్ది.

రికార్డర్‌లోనే కమిట్ ఇంటర్వల్ అని ఉంటది, ఎన్ని సెకన్లకోసారి కార్డు మీద రాయాలో అది; మామూలుగా 5 సెకన్లు, నేను 30 పెట్టా, కార్డు మీద రాతలు తగ్గుతాయి. ఉన్నట్టుండి కరెంటు పోతే ఆ చివరి అర నిమిషం హిస్టరీ పోద్ది, పోనీ.

ఈఎస్‌పీహోమ్‌తో (చిన్న చిప్‌లతో సొంత సెన్సర్లు చేసుకునే సాఫ్ట్‌వేర్) మీరే చేసుకున్న సెన్సరైతే అసలు మూలంలోనే ఆపొచ్చు, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. డాబా మీద ట్యాంక్ సెన్సర్‌కి డెల్టా ఫిల్టర్ 2 పెట్టా, నీళ్ళు 2 శాతం మారితేనే నోరు విప్పుతుంది, మోటర్ ఆన్ చేసినప్పుడు గబగబా చెప్తుంది, రాత్రంతా గమ్మునుంటది.

ఇవన్నీ చేసినా పాత చెత్త వెంటనే పోదు. రికార్డర్‌లోని పర్జ్ ఎంటిటీస్ అనే యాక్షన్‌తో ఆ సెన్సర్ల పాత వరసలు తీసేసి, తర్వాత పర్జ్ అనే యాక్షన్‌ని రీప్యాక్ (ఫైల్‌ని మళ్ళీ సర్ది రాయడం) ఆన్ చేసి నడపండి, రీప్యాక్ అయితేనే ఫైల్ సైజు దిగుద్ది. దానికి డేటాబేస్ ఎంతుందో అంత ఖాళీ కార్డులో ఉండాలి, నేను అది చూసుకోకుండా నొక్కి మధ్యలో ఇరుక్కున్నా.

ఫ్రిజ్ ప్లగ్‌లో వాట్స్ మాత్రం ఉంచుకున్నా, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతోందని మెకానిక్‌కి ఆ గ్రాఫే చూపించా.