తొమ్మిదేళ్ల తర్వాత పద్మిని దగ్గింది

షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయిన నాన్న ప్రీమియర్ పద్మిని కారును ఈ వేసవిలో బయటికి తోశాం. రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. అందుకే పని పొద్దున 5 నుంచి 8 దాకానే.

వెంటనే సెల్ఫ్ కొట్టలేదు. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేశా. తెల్లారి ఫ్యాన్ బెల్ట్ పట్టుకుని చేత్తో లాగితే ఇంజన్ కదిలింది, బిగుసుకుపోలేదు. సగం టెన్షన్ అక్కడే పోయింది.

కొత్త బ్యాటరీ పెట్టాక తిరుగుతోంది గానీ అంటుకోదు. ప్లగ్గును బాడీకి ఆనించి చూస్తే స్పార్క్ బాగానే ఉంది. అంటే పెట్రోలు అందడం లేదన్నమాట. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ మూత తీస్తే అడుగున బెల్లం పాకంలా గోధుమరంగు జిగురు! పాత పెట్రోలు అలా గడ్డకట్టింది. జెట్లు (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాల ముక్కలు) విప్పి క్లీనర్‌లో నానబెట్టి, సైకిల్ పంపుతో గాలి కొట్టాను. పిన్నీసుతో మాత్రం పొడవద్దు. రంధ్రం పెద్దదైతే మైలేజీ గోవిందా. ట్యాంకు దించి కడిగి, పెట్రోలు పైపులు కొత్తవి వేశాం.

నాలుగోసారికి దగ్గి, గుప్పున పొగ వదిలి స్టార్టయింది. నాన్న ఏమీ అనలేదు. సీట్లో కూర్చుని, స్టీరింగ్ పక్కనున్న గేరు రాడ్డు మీద చెయ్యేశారు.

"ఆగండి నాన్నా, బ్రేకులు ఇంకా చూడలేదు!"