ప్రాణం ఎప్పుడు మొదలవుతుందన్న వాదనలోకి దిగే ముందు

ముందు వారాల లెక్క సరిచూసుకోవాలి. డాక్టర్లు గర్భాన్ని చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. 28 రోజులకోసారి నెలసరి వచ్చేవారిలో అండం విడుదలై ఫలదీకరణ జరిగేది సుమారు 14వ రోజున. కాబట్టి స్కానింగ్ రిపోర్టులో ఆరు వారాలని ఉంటే పిండం వయసు నాలుగు వారాలే. పిండశాస్త్ర పుస్తకాలు మాత్రం ఫలదీకరణ నుంచే లెక్కిస్తాయి. ఎవరైనా అంకె చెప్పగానే అది ఏ లెక్కో అడగండి. తొలి దశలో రెండు వారాల తేడా వచ్చిందంటే వాదన మొత్తం తారుమారవుతుంది.

తర్వాత ప్రశ్నను విడగొట్టాలి. అండం, శుక్రకణం కలవకముందే రెండూ సజీవ కణాలు. కాబట్టి 'ప్రాణం ఎప్పుడు' అన్న మాట కింద మూడు వేర్వేరు ప్రశ్నలుంటాయి: కొత్త జీవి ఎప్పుడు ఏర్పడింది? అది ఒకే వ్యక్తిగా ఎప్పుడు స్థిరపడింది? మనిషికిచ్చే రక్షణ దానికి ఎప్పటి నుంచి ఇవ్వాలి? మొదటిదానికి జీవశాస్త్రం సూటిగా జవాబిస్తుంది. మూడోదానికి ఏ మైక్రోస్కోపూ జవాబివ్వదు. 'సైన్స్ ఎప్పుడో తేల్చేసింది' అని ఏ పక్షం వారన్నా, తేల్చింది మూడింటిలో దేన్నో చూడండి.

ఇక ఎవరు ఏ మజిలీ దగ్గర గీత గీస్తున్నారో, ఎందుకో రాసుకోండి.

ఫలదీకరణ దగ్గర గీత గీసేవారికి గట్టి ఆధారమే ఉంది. తల్లిదండ్రులిద్దరికీ భిన్నమైన జన్యు సముదాయం అక్కడే ఏర్పడుతుంది. అయితే అది ఒక్క క్షణంలో జరిగేది కాదు, సుమారు ఒక రోజు పడుతుంది. పైగా దాదాపు 14వ రోజు దాకా ఆ పిండం రెండుగా చీలి కవలలు కావచ్చు. అలాంటప్పుడు మొదట్లో ఉన్నది ఏ ఒక్కరు అని అవతలివారు అడుగుతారు. రెండుగా చీలినంత మాత్రాన మొదట ఒకటి లేదని కాదు కదా అన్నది దీనికి వచ్చే జవాబు. ఇక్కడ తొందరపడి ఎవరినీ గెలిపించకండి, ఇది నిజంగానే చిక్కు ప్రశ్న.

పిండం గర్భాశయానికి అతుక్కోవడం ఫలదీకరణ తర్వాత ఆరేడు రోజులకు మొదలవుతుంది. గర్భం అక్కడి నుంచే మొదలైనట్టు లెక్కించే వైద్యులున్నారు. గర్భం మొదలవడం, ప్రాణం మొదలవడం ఒకటేనని వారు చెప్పినట్టు కాదు. శరీరం బయట ఫలదీకరణ జరిపే ఐవీఎఫ్ ల్యాబ్‌లో పిండం ఉంటుంది, గర్భం ఉండదు. ఆ పిండాలపై పరిశోధనకు 14 రోజుల హద్దును బ్రిటన్‌లో ప్రభుత్వం వేసిన వార్నాక్ కమిటీ 1984లో సూచించింది. శరీరానికి తల, తోక దిశలు ఏర్పరిచే తొలి గీత సుమారు ఆ సమయంలోనే కనిపిస్తుంది.

గుండె కదలిక ఫలదీకరణ తర్వాత దాదాపు 22వ రోజున మొదలవుతుంది. అప్పటికి ఉన్నది ఇంకా గొట్టమే, నాలుగు గదుల గుండె కాదు. ఇక్కడి నుంచి చెప్పే వారాలు డాక్టర్ల లెక్కలోవి. తల్లికి కదలిక తెలిసేది సాధారణంగా 16 నుంచి 20 వారాల మధ్య. బిడ్డ అంతకు చాలా ముందే కదులుతుంది కనుక ఈ గీత బలహీనం. మెదడు పైపొరకు, ఇంద్రియాల సంకేతాలను దానికి చేరవేసే లోపలి భాగమైన థాలమస్ నుంచి నరాల అనుసంధానం సుమారు 24 వారాలకు కుదురుతుంది, స్పృహను ప్రమాణంగా తీసుకునేవారు దీన్నే చూపిస్తారు. బయట బతకగలిగే హద్దు 22-24 వారాల దగ్గర ఉంది. కానీ అది నవజాత శిశు వైద్యం మెరుగైన కొద్దీ ఇంకా తక్కువ వారాలకు జరుగుతుంది. అదే బిడ్డకు సౌకర్యాలున్న చోట ఒక హోదా, లేని చోట మరొకటి వస్తుందన్నది దీని మీద ఉన్న ప్రధాన అభ్యంతరం.

మత వాదన వస్తే 'మా గ్రంథం ఎప్పుడూ ఇదే చెప్పింది' అన్న మాటను పరీక్షించండి. ఆయుర్వేద ఆచార్యుడు చరకుడు శుక్రశోణితాలు (తండ్రి, తల్లి బీజాలు) కలిసినప్పుడే ఆత్మ చేరుతుందంటాడు, గర్భోపనిషత్తు ఏడో నెలలో జీవుడు చేరతాడంటుంది. యూదుల ధర్మగ్రంథం తాల్ముడ్‌లో తొలి 40 రోజుల పిండం నీటితో సమానం. ఇస్లామీ న్యాయవేత్తల్లో చాలామంది 120 రోజులంటారు, 40 అనేవారూ ఉన్నారు. కాథలిక్ చర్చి శిక్షల విషయంలో పాటించిన 'ఆత్మ చేరిన పిండం, చేరని పిండం' అన్న తేడాను 1869లో తొలగించింది.

చివరగా, ఈ ప్రశ్నకు జవాబు దొరికితే గర్భస్రావం సంగతీ తేలిపోతుందనుకోవద్దు. పిండం మొదటి నుంచీ మనిషేనని వాదన కోసం ఒప్పుకుని కూడా స్త్రీ హక్కును సమర్థించారు తత్వవేత్త జూడిత్ జార్విస్ థామ్సన్, 1971లో. పిండం మనిషా కాదా అన్న జోలికి పోకుండా, దాని భవిష్యత్తును లాగేసుకోవడమే తప్పని మరో తత్వవేత్త డాన్ మార్క్విస్ 1989లో వాదించారు. వాదనలో ఎదుటివారు ఈ రెండు దారుల్లో ఒకదానిలో ఉంటే వారాల లెక్కలతో వారిని కదిలించలేరు.