కరెంటు బిల్లు సాయానికి దరఖాస్తు: ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు కుటుంబాల కోసం

"మేం కూడా కష్టపడే బతుకుతున్నాం కదా, మరి మాకెందుకు రాదు?" పర్లాకిమిడిలో మా అరుగు మీద ఫారాలు నింపించుకోవడానికి వచ్చేవాళ్ళలో సగం మంది ముందుగా అడిగేది ఇదే. బట్టల కొట్లో పనిచేసే ఆయన, ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే అమ్మాయి, అద్దె ఆటో నడిపే కుర్రాడు. పక్కింట్లో 80 రూపాయల బిల్లు, వీళ్ళింట్లో ఐదు వందలు. వాళ్ళ బాధలో న్యాయం ఉంది. కానీ తమకు రాని సాయం చుట్టూ తిరుగుతూ, తమకు దక్కేదాన్ని చాలామంది వదిలేసుకుంటున్నారు. ఎవరు ఎక్కడ దరఖాస్తు పెట్టుకోవాలో నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నంలో ఉన్న మేనమామ ఇంటి బిల్లుతో మన బిల్లును పోల్చుకుని టెన్షన్ పడొద్దు. ఆంధ్రలో ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు 200 యూనిట్ల వరకు ఉచితం, తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పేరుతో ఉచిత కరెంటు. ఇవి ఆయా రాష్ట్రాలు తమ ఖజానా నుంచి ఇచ్చుకునేవి. విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ఏ ప్రభుత్వం రాయితీ ప్రకటిస్తే ఆ ప్రభుత్వమే ఆ సొమ్ము ముందుగా కట్టాలి. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో కరెంటు ఇచ్చేది టీపీఎస్ఓడీఎల్ (టాటా పవర్ సదరన్ ఒడిశా డిస్ట్రిబ్యూషన్ లిమిటెడ్) అనే కంపెనీ. 2021 జనవరి 1 నుంచి దానిదే బాధ్యత, పెద్దాఫీసు బరంపురంలో. సోలార్‌కు పోర్టల్ ఉంది; మిగతా దరఖాస్తులు మన ప్రాంతపు కరెంటు సెక్షన్ ఆఫీసులో పెట్టుకోవచ్చు.

కుటీర జ్యోతి

ఆ 80 రూపాయల బిల్లు ఇదే. బీపీఎల్ కుటుంబానికి, నెలకు 30 యూనిట్ల లోపు ఎన్ని కాలినా బిల్లు ఒకటే మొత్తం. 30 దాటితే మామూలు డొమెస్టిక్ లెక్కే. దరఖాస్తుకు రేషన్ కార్డు, ఆధార్, ఫోటో, ఇంటి పట్టా గానీ హోల్డింగ్ ట్యాక్స్ రసీదు గానీ కావాలి. కార్డు మీద పేరు, దరఖాస్తు మీద పేరు ఒకటే ఉండాలి.

దీని గురించి వీధుల్లో గొడవలు పడేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఇందులో ఉన్నది చాలా చిన్న సాయం. లెక్క చూడండి. మామూలు కనెక్షన్‌కు తొలి 50 యూనిట్లకు యూనిట్ సుమారు మూడు రూపాయలు, 50 నుంచి 200 వరకు ఐదుకు కాస్త తక్కువ, ఆపైన 400 వరకు ఆరుకు కాస్త తక్కువ. 30 యూనిట్లు కాలిస్తే 90 రూపాయలు, మీద ఫిక్స్‌డ్ చార్జీ 20, కొంత డ్యూటీ (కరెంటు పన్ను). అంటే కార్డు ఉన్నవాళ్ళకు నెలకు మిగిలేది ముప్పై రూపాయల పైచిలుకు. 15 యూనిట్లే కాలే ఇంటికైతే కుటీర జ్యోతి కంటే మామూలు కనెక్షనే చవక.

30 యూనిట్లంటే ఏంటో కూడా చెప్పాలి. పాత రకం సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు ఉంటుంది. రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 22 యూనిట్లు దానికే సరి. ఇంకో గదిలో రెండో ఫ్యాన్ తిరిగిందంటే గీత దాటినట్టే. మే నెలలో బరంపురం ఉక్కపోతకు చంటిపిల్ల ఉన్న ఇంట్లో ఒక్క ఫ్యాన్‌తో సరిపెట్టుకోమనడం నాకు న్యాయంగా కనిపించదు. అందుకే పక్కింటి 80 రూపాయల మీద కోపం పెట్టుకోకండి. ఆ గీతను ఎక్కడ గీశారన్నది అడగాల్సిన ప్రశ్న.

అద్దెకున్నవాళ్ళు: సొంత మీటరు

పనిచేసుకుని బతికే కుటుంబాలకు అసలు నష్టం ఇక్కడ జరుగుతోంది. దీని గురించి అడిగేవాళ్ళే లేరు. ఒకే మీటరు మీద నాలుగు వాటాలు. ఒక్కో వాటా 60 యూనిట్లు కాలిస్తే మొత్తం 240. మూడు రూపాయల రేటు నాలుగు ఇళ్ళకూ కలిపి మొదటి 50 యూనిట్లకే దొరుకుతుంది. అదే నాలుగు మీటర్లుంటే ఒక్కో ఇంటికీ 50 యూనిట్లు ఆ రేటుకే. తేడా నెలకు సుమారు 310 రూపాయలు, ఇంటికి డెబ్బై ఏడు పైనే. కొత్త కనెక్షన్ల ఫిక్స్‌డ్ చార్జీలు తీసేసినా, కుటీర జ్యోతిలో మిగిలేదాని కంటే ఎక్కువే. ఇంటివాళ్ళు యూనిట్‌కు ఎనిమిది రూపాయల చొప్పున వసూలు చేస్తుంటే ఇక చెప్పేదేముంది: 60 యూనిట్లకు 480 కడుతున్నారు, సొంత మీటరైతే 230 లోపు తేలిపోతుంది.

"అద్దె ఇంట్లో నా పేరున మీటరు ఇస్తారా?" అని అడుగుతారు. విద్యుత్ చట్టం 43వ సెక్షన్‌లో ఇంటి యజమాని గానీ, అందులో ఉంటున్నవారు గానీ కనెక్షన్ అడగవచ్చని ఉంది. అద్దె ఒప్పందం, ఆధార్, ఫోటో, ఇంటివాళ్ళ అంగీకార పత్రం పెట్టండి. ఆ ఇంటి మీద పాత బాకీ ఉంటే ముందు అది తేల్చమంటారు, కాబట్టి ఇంటాయన పాత బిల్లులు ఒకసారి చూసుకోండి. 2024లో మార్చిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం కాగితాలన్నీ సరిగ్గా ఉంటే మునిసిపాలిటీలో 7 రోజుల్లో, పల్లెల్లో 15 రోజుల్లో, కొండ ప్రాంతపు పల్లెల్లో 30 రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలి.

ఇంటివాళ్ళతో మాట పోకుండా అడగడం ముఖ్యం. "అత్తా, మీటరు ఖర్చు, డిపాజిట్టు మేమే పెట్టుకుంటాం, ఖాళీ చేసేటప్పుడు బాకీ లేదన్న కాగితం మీ చేతికిచ్చి వెళ్తాం" అంటే చాలామంది ఒప్పుకుంటున్నారు.

సొంత డాబా ఉంటే

ఇంటి కప్పు మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టుకోవడానికి రాయితీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ 2024 ఫిబ్రవరిలో మొదలైంది. ఇందులో ఆదాయం అడగరు, రేషన్ కార్డు అడగరు. సొంత ఇల్లు, ప్యానెళ్ళు పట్టే కప్పు, మీ పేరున కనెక్షన్ ఉండాలి, ఇంతకుముందు సోలార్ రాయితీ తీసుకుని ఉండకూడదు. కేంద్రం 1 కిలోవాట్‌కు 30,000, రెండుకు 60,000, మూడు, అంతకు పైన ఎంతైనా 78,000 ఇస్తుంది. దానికి ఒడిశా ప్రభుత్వం వరుసగా 25,000, 50,000, 60,000 కలుపుతుంది. అంటే 3 కిలోవాట్లకు మొత్తం 1,38,000. ఒక్కో కిలోవాట్ నెలకు వంద యూనిట్ల పైచిలుకు ఇస్తుంది.

సూర్యఘర్ పోర్టల్‌లో కన్స్యూమర్ నంబరు, మొబైల్ నంబరుతో రిజిస్టరవ్వాలి. అనుమతి వచ్చాక జాబితాలో ఉన్న వెండర్‌నే ఎంచుకోవాలి. బిగించాక నెట్ మీటరు (మనం వాడిన కరెంటు, లైనుకు పంపిన కరెంటు రెండూ లెక్కపెట్టేది) పెడతారు, తనిఖీ అయ్యాక రాయితీ మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంటే డబ్బు ముందు మనం పెట్టుకోవాలి. 3 కిలోవాట్ల వరకు హామీ లేకుండా రెండు లక్షల దాకా బ్యాంకు అప్పు దొరుకుతుంది. ఇంటికి లక్షకు పైగా ఇచ్చే ఈ సాయం పూరింట్లో ఉన్నవాళ్ళకు, అద్దెకున్నవాళ్ళకు అందదు. పేదవాడికి నెలకు ముప్పై, డాబా ఉన్నవాడికి లక్ష: అసలు అడగాల్సిన తేడా ఇదీ.

పేర్ల తంటా

మన తెలుగువాళ్ళ దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. మొన్న ఒకావిడ మూడు కాగితాలు తెచ్చింది. బిల్లులో ఇంటిపేరు ముందు ఒక్క అక్షరంగా ఉంది, ఆధార్‌లో చివర పూర్తిగా ఉంది, ఒడియాలో ఉన్న రేషన్ కార్డులో ఇంటిపేరే లేదు. మనిషి ఒకరే, కంప్యూటరు లెక్కలో ముగ్గురు. బిల్లు మీద పేరు, బ్యాంకు ఖాతా పేరు, ఆధార్ పేరు దరఖాస్తుకు ముందే ఒకటి చేయించుకోండి.

బిల్లు చనిపోయిన పెద్దవాళ్ళ పేరున వస్తుంటే ముందు పేరు మార్పు దరఖాస్తు పెట్టాలి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే వారసత్వ పత్రం, బాకీ లేదన్న రుజువు కావాలి. మా నాన్న పోయాక మూడేళ్ళు ఆయన పేరునే బిల్లు కట్టాం. ఒక ఆఫీసులో ఆ ఒక్క కారణంతో నన్ను నాలుగుసార్లు తిప్పారు, మొదటిసారే ఏం కావాలో చెప్పి ఉంటే సరిపోయేది.

బిల్లు తప్పుగా వస్తే

రీడింగ్ తీయకుండా అంచనా బిల్లులు ఒక ఆర్థిక సంవత్సరంలో రెండుకు మించి ఇవ్వకూడదు. రీడింగ్ మీద అనుమానమని రాసిస్తే ఐదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి కనీసం మూడు నెలలు పోల్చి చూడాలి. కరెంటు తీసేసే ముందు 15 రోజుల లిఖిత నోటీసు తప్పనిసరి. బిల్లు మీద గొడవ ఉంటే, గత ఆరు నెలల సగటు సొమ్మును అభ్యంతరం తెలుపుతూ కట్టినా కనెక్షన్ తీయకూడదని విద్యుత్ చట్టం 56వ సెక్షన్ చెబుతోంది. ముందు 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. పని జరగకపోతే కరెంటు ఫిర్యాదులు వినే గ్రీవెన్స్ రిడ్రెసల్ ఫోరానికి, అక్కడా తేలకపోతే అంబుడ్స్‌మన్‌కు అర్జీ పెట్టుకోవచ్చు.

మెషీన్లో వచ్చే బిల్లు కాగితం మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. వచ్చిన రోజే జిరాక్స్ తీయించి, ఇచ్చిన ప్రతి అర్జీ నకలు మీద తేదీ, స్టాంపు వేయించుకుని దానితో కలిపి దాచండి. ఫోరంలో అడిగేది ఆ కాగితాలే.