ఎన్‌డీఐఎస్ ప్రొవైడర్‌ను ఎంచుకునే ముందు ఏబీఎన్ అడగండి

ఆస్ట్రేలియాలో వైకల్యం ఉన్నవారి సేవలకు ప్రభుత్వం డబ్బిచ్చే పథకం ఎన్‌డీఐఎస్. దాని కింద మా అబ్బాయికి థెరపీ ఇచ్చే ప్రొవైడర్ (సేవలందించే సంస్థ) కోసం వెతికినప్పుడు ప్రతి సంస్థా ‘మేము రిజిస్టర్డ్’ అనే చెప్పింది. ఏ సేవకు అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. రెండు వారాలు ఫోన్లలోనే గడిచిపోయాయి.

ఇప్పుడు మొదటి ఫోన్‌లోనే 11 అంకెల ఏబీఎన్ (వ్యాపార గుర్తింపు సంఖ్య) అడిగి రాసుకుంటున్నాను. ఈ సంస్థలను పర్యవేక్షించే ఎన్‌డీఐఎస్ క్వాలిటీ అండ్ సేఫ్‌గార్డ్స్ కమిషన్ వెబ్‌సైటులో ప్రొవైడర్ రిజిస్టర్ ఉంటుంది. అందులో ఆ నంబరుతోనే వెతకండి. ఒకేలాంటి పేర్లు చాలా ఉంటాయి. రిజిస్ట్రేషన్ అమలులో ఉందా, ఎప్పటివరకు, ఏయే సేవలకు అన్నవి చూడండి. చివరిదే అసలు సంగతి: ఇంటిపనుల సాయానికి రిజిస్టరైన సంస్థ థెరపీకి కూడా అయి ఉండాలని లేదు. కమిషన్ చర్య తీసుకున్న సంస్థల వివరాలు కూడా అక్కడే ఉంటాయి, అవీ ఒకసారి చూడండి. అంతా కలిపి పది నిమిషాల పని.

ఒక జాగ్రత్త. మీ ప్లాన్ డబ్బును, అంటే పథకం కింద మీకు కేటాయించిన సొమ్మును, ఎన్‌డీఐఏ (పథకాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ) నిర్వహిస్తుంటే రిజిస్టరైన వారినే తీసుకోవాలి. మీరే చూసుకుంటున్నా, ప్లాన్ మేనేజర్ (మీ తరఫున బిల్లులు చెల్లించేవారు) చూస్తున్నా చాలా సేవలకు రిజిస్టర్ కానివారినీ ఎంచుకోవచ్చు. అలాంటప్పుడు జాబితాలో పేరు లేదన్న ఒక్క కారణంతో మంచి థెరపిస్టును వదులుకోకండి.