షిరెల్స్ నుంచి సుప్రీమ్స్ దాకా: గర్ల్ గ్రూపులు వినడం ఎలా

గర్ల్ గ్రూపులంటే ముగ్గురు నలుగురు అమ్మాయిలు కలిసి పాడే అమెరికా బృందాలు, వీళ్ల ఒక్కో పాట రెండున్నర నిమిషాలు. టీ మరిగి గ్లాసులోకి వచ్చేలోపు రెండు పాటలు అయిపోతాయి. అందుకేనేమో చాలామంది వీటిని ‘ఓల్డీస్’ అని ఏదో ప్లేలిస్టులో పడేసి, వంట చేసుకుంటూ వినేసి, అన్నీ ఒకేలా ఉన్నాయి బాబూ అని పక్కన పెట్టేస్తారు. మొదట్లో నేనూ అదే మాట అన్నాను. 1960 నుంచి ఓ పదేళ్ల పాటు న్యూయార్క్, డెట్రాయిట్, లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో తయారైన ఈ పాటలు ఒంటబట్టాలంటే కాస్త పద్ధతిగా వినాలి.

ముందు ఒక జాగ్రత్త. యాప్‌లో పాట పేరు కొట్టగానే పైన కనిపించిన దాన్ని నొక్కేయకండి. ఆ కాలపు గాయనులు చాలామంది తమ హిట్లనే తర్వాతెప్పుడో మళ్లీ రికార్డు చేశారు. పేరు అదే, గొంతూ దాదాపు అదే, కానీ ఆ ఊపు ఉండదు. నేను నెల రోజుల పాటు అలాంటిదొకటి విని, దీనికా ఇంత పేరు అనుకున్నాను, సిగ్గుచేటు. కింద చిన్న అక్షరాల్లో ‘రీ-రికార్డెడ్’ అని ఉంటే వదిలేయండి. రెండు చెవులకూ ఒకే శబ్దం వచ్చే మోనో వెర్షన్ దొరికితే అదే తీసుకోండి. ఇవి కారు రేడియోలో, చిన్న ట్రాన్సిస్టర్‌లో మోగడానికి తయారైన పాటలు, మిక్సింగ్‌లో శ్రద్ధంతా మోనో మీదే పెట్టేవాళ్లు.

ఇక వినడం. బుర్రకథ చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమైపోతుంది. కథకుడు ఒకడు, అటూ ఇటూ వంతలు ఇద్దరు. వంతలు ‘తందాన తాన’ అనకపోతే కథ ముందుకు కదలదు, మధ్యలో ఆపి ప్రశ్న వేసేదీ నవ్వించేదీ వాళ్లే. గర్ల్ గ్రూపులోనూ వరస అదే. బ్రాంక్స్ అమ్మాయిలు షిఫాన్స్ పాడిన ‘హీ ఈజ్ సో ఫైన్’ (1963) పెట్టండి, పాట మొదలయ్యేదే వంతతో, ‘దూలాంగ్ దూలాంగ్’ అని. షాంగ్రి-లాస్ వాళ్ల ‘లీడర్ ఆఫ్ ద ప్యాక్’ (1964) అయితే మరీనూ, వెనకున్న అమ్మాయిలు స్నేహితురాలిని నిలదీసినట్టు ప్రశ్నలు వేస్తుంటే ముందున్న మేరీ వైస్ జవాబు చెప్పుకుంటూ పోతుంది, అప్పటికి ఆ పిల్లకు పదిహేనేళ్లు.

కాబట్టి ఏ పాటైనా మూడుసార్లు వినండి. మొదటిసారి మామూలుగా. రెండోసారి ముందు గొంతును పట్టించుకోకుండా వంత గొంతుల మీదే చెవి పెట్టండి. మూడోసారి పాడేవాళ్లందరినీ వదిలేసి డ్రమ్స్, బేస్ గిటార్ మాత్రమే. మొత్తం ఎనిమిది నిమిషాల పని. రెండో విడతలోనే నాకు చాలా పాటలు కొత్తగా వినిపించాయి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, షిరెల్స్‌తో. న్యూజెర్సీలోని పసాయిక్‌లో ఒకే స్కూల్లో చదివిన నలుగురు అమ్మాయిలు, వీళ్లతో చదివే కూతురు చెప్పబట్టి ఫ్లోరెన్స్ గ్రీన్‌బర్గ్ అనే గృహిణి వీళ్ల పాట విని, రికార్డు కంపెనీ వ్యాపారంలోకే దిగింది. ‘విల్ యూ లవ్ మి టుమారో’ 1960 చివర్లో వచ్చి 1961 జనవరిలో అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి చేరింది, నల్లజాతి గర్ల్ గ్రూపుల్లో అక్కడికి మొదట చేరింది వీళ్లే. బాణీ కట్టిన కారోల్ కింగ్‌కు అప్పుడు పద్దెనిమిదేళ్లు, మాటలు రాసిన ఆమె భర్త జెర్రీ గోఫిన్ పగలు కెమిస్టుగా ఉద్యోగం చేసేవాడు. ఇది మరీ కంట్రీ పాటలా (అమెరికా పల్లె బాణీలా) ఉంది, మనకు నప్పదని గ్రూపులో ముందు గొంతు షిర్లీ ఓవెన్స్ మొదట పెదవి విరిచింది. అప్పుడు కారోల్ కింగే వయొలిన్ల విభాగం రాసింది. మూడోసారి వినేటప్పుడు ఆ వయొలిన్లనే పట్టుకోండి, రాగం తీస్తూ కూర్చోకుండా తాళంతో పాటు పరిగెడుతుంటాయి. షిర్లీ గొంతులో పెద్ద గమకాలేమీ ఉండవు, తెలిసినమ్మాయి ఎవరో డాబా మీద మనసులో మాట చెప్పుకున్నట్టు పాడుతుంది. ఆ పాటకు అదే కావాలి.

తర్వాత రోనెట్స్, ‘బీ మై బేబీ’, 1963. మొదటి నాలుగు సెకన్లను నాలుగుసార్లు విన్నా తప్పులేదు. ధుమ్, ధుధుమ్, ఠాప్! మామూలుగా నాలుగు మాత్రల తాళంలో స్నేర్ (ఠాప్ అని మోగే డ్రమ్) దెబ్బ రెండో మాత్ర మీదా నాలుగో మాత్ర మీదా పడాలి. ఇక్కడ రెండోది లేదు. పుల్ల చేజారి ఆ దెబ్బ తప్పిపోయిందనీ, ఇక అలాగే వాయించేశాననీ డ్రమ్మర్ హాల్ బ్లేన్ తర్వాత చెప్పాడు. ఆ ఖాళీ వల్లే నాలుగో దెబ్బ గుండెకు తగులుతుంది. పాట చివరి వైపు అన్నీ ఆగిపోయి మళ్లీ ఆ డ్రమ్ ఒక్కటే వస్తుంది, అక్కడ సౌండ్ పెంచండి. లాస్ ఏంజెలెస్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియోలో ఒకే గదిలో బోలెడుమందిని కూర్చోబెట్టి, గిటార్లూ పియానోలూ ఒకదాని మీద ఒకటి వేయించి, ఆ శబ్దాన్ని ప్రతిధ్వనించే గదిలోకి (ఎకో చాంబర్) పంపి నిర్మాత ఫిల్ స్పెక్టర్ ఈ హోరు పుట్టించాడు, ‘వాల్ ఆఫ్ సౌండ్’ అంటారు. విడివిడిగా వాయిద్యాలు వినబడటం లేదేమిటని బెంగపడకండి, వినబడకూడదనే అలా చేశాడు. ఆ హోరును చీల్చుకుని వచ్చేది రోనెట్స్‌లో ముందు పాడే రోనీ గొంతు. ఆ నిర్మాతే తర్వాత ఆమె భర్తయ్యాడు, ఆ కాపురంలో ఆమె పడ్డ నరకం ఆమే రాసుకుంది, హత్య కేసులో శిక్షపడి అతను 2021లో ఖైదీగానే పోయాడు. పాట గొప్పదైనంత మాత్రాన అతన్ని నెత్తిన పెట్టుకోవాల్సిన పని లేదు.

మూడో మజిలీ డెట్రాయిట్. వెస్ట్ గ్రాండ్ బూలవార్డ్‌లో 2648 నంబరు ఇల్లు, మోటౌన్ అనే రికార్డు కంపెనీ స్టూడియో అదే. మార్వెలెట్స్ ‘ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మ్యాన్’ (1961) ఆ కంపెనీకి హాట్ 100లో మొదటి నంబర్ వన్, అందులో డ్రమ్స్ వాయించింది తర్వాత గాయకుడిగా పేరు తెచ్చుకున్న మార్విన్ గే. మార్తా రీవ్స్ అదే ఆఫీసులో సెక్రటరీగా పనిచేస్తూ మైకు ముందుకొచ్చింది. మార్తా అండ్ ద వండెల్లాస్ పాడిన ‘నోవేర్ టు రన్’ (1965)లో తాళంగా వినబడే ఆ గరగర, మంచులో జారకుండా కారు చక్రాలకు చుట్టే గొలుసులది. సుప్రీమ్స్ పాటల్లో ‘యూ కాంట్ హర్రీ లవ్’ (1966) ముందు వినండి, మొదట్లో జేమ్స్ జేమర్సన్ బేస్, పక్కన మన కంజీర లాంటి టాంబొరిన్. జేమర్సన్ తీగ మీటేది కుడిచేతి చూపుడు వేలొక్కదానితోనే. హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి విన్నాక ఫోన్ స్పీకర్లో కూడా వినండి. చిన్న స్పీకర్లో కూడా బాగా మోగుతోందో లేదో చూసుకుని గానీ మోటౌన్ వాళ్లు పాట బయటికి వదిలేవారు కాదు.

సుప్రీమ్స్‌ను వినడంతో పాటు చూడాలి కూడా. ‘స్టాప్! ఇన్ ద నేమ్ ఆఫ్ లవ్’ టీవీ వీడియో ఏదైనా తీసుకుని, ట్రాఫిక్ పోలీసులా అరచెయ్యి ముందుకు చాపే ఆ ఒక్క కదలిక చూడండి. స్టెప్పులకు చోలీ యాట్కిన్స్, నడకకూ మాట తీరుకూ మాక్సీన్ పవెల్, ఇలా కంపెనీలోనే మాస్టర్లు ఉండేవారు. 1964 నుంచి 1969 దాకా సుప్రీమ్స్‌కు పన్నెండు నంబర్ వన్‌లు, మొదటి ఐదూ వరసగా వచ్చాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కవర్ మీద పేరున్నవాళ్లే పాడారని నమ్మకండి. క్రిస్టల్స్ పేరుతో 1962లో నంబర్ వన్ అయిన ‘హీ ఈజ్ ఎ రెబెల్’ పాడింది డార్లీన్ లవ్, వంత బ్లాసమ్స్ అనే వేరే గ్రూపుది. క్రిస్టల్స్‌లో ఒక్కరి గొంతూ అందులో లేదు. సుప్రీమ్స్ ‘లవ్ చైల్డ్’ (1968)లో ముందు గొంతు డయానా రాస్ వెనక వినబడేది ఆండాంటెస్ అనే ముగ్గురమ్మాయిలు, మోటౌన్‌లో లెక్కలేనన్ని పాటలకు వంత పాడినా కవర్ మీద పేరెక్కనివాళ్లు. అసలు సుప్రీమ్స్‌ను నిలబెట్టిన ఫ్లోరెన్స్ బలార్డ్ 1967లోనే గ్రూపు నుంచి బయటికి పోవాల్సి వచ్చింది, 1976లో పోయింది, ముప్పై రెండేళ్లకే. అందుకే 1964-66 పాటలకు రెండో విడత వినడం తప్పనిసరి, ఆమే, గ్రూపులో మూడో అమ్మాయి మేరీ విల్సనూ వినబడేది అక్కడే.

మన కృష్ణ నామం వినబడే బీటిల్స్ జార్జ్ హారిసన్ పాట ‘మై స్వీట్ లార్డ్’ చాలామందికి తెలిసే ఉంటుంది. దాన్నీ ‘హీ ఈజ్ సో ఫైన్’నూ వెంటవెంటనే పెట్టి చూడండి. హారిసన్‌కు తెలియకుండానే షిఫాన్స్ బాణీ అతని పాటలోకి దిగిపోయిందని అమెరికా కోర్టు 1976లో తేల్చింది. కేసు నలుగుతుండగానే 1975లో షిఫాన్స్ ‘మై స్వీట్ లార్డ్’ను తామే పాడి రికార్డు చేయడం నాకు భలే నచ్చిన ముచ్చట.

ఆఖర్న న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చిన డిక్సీ కప్స్, ‘ఐకో ఐకో’ (1965). స్టూడియోలో విరామంలో కూర్చుని, బామ్మ పాడే పాటను, చేతికందిన యాష్‌ట్రే మీదా కూల్‌డ్రింక్ సీసా మీదా డ్రమ్ పుల్లలతో కొడుతూ సరదాగా పాడుకుంటుంటే, టేపు తిరుగుతూనే ఉంది. దీనికి మూడు విడతలు అక్కర్లేదు. వంటింట్లోంచి ఒక స్టీలు గ్లాసూ చెంచా తెచ్చుకుని వాళ్లతో పాటు వాయించండి.