మోటార్ పైకి తీయించే ముందు ఈ రెండు లెక్కలు చేయండి

బోరు మోటార్ గుయ్యిమంటూ నీళ్లు సన్నగా వస్తుంటే మా నెల్లూరు జిల్లా పొదలకూరు వైపు మొదట వినిపించే మాట 'మోటార్ కాలిపోయింది, పైకి తీయించాలి' అని. పైపులు, కేబుల్ అన్నీ లాగి, మనుషుల్ని పెట్టి, రోజంతా కష్టపడి తీశాక మోటార్ బాగానే ఉంటే ఆ రైతు ముఖం చూడలేం. వైరింగ్ పని చేసే నాకు ఆ బాధ తెలుసు. అందుకే ముందు వోల్ట్‌లు, ఆంపియర్లు కొలవండి. వోల్ట్‌లను ఆంపియర్లతో భాగిస్తే వైరుకు, హీటర్‌కు రెసిస్టెన్స్ (కరెంటుకు ఉండే అడ్డు) ఓమ్‌లలో వస్తుంది. గుణిస్తే వాటిలో ఖర్చయ్యే పవర్ వాట్లలో వస్తుంది. మోటార్ సంగతి వేరు, అది సమస్య 3లో చెప్తాను. కావాల్సిన లెక్క ఇంతే.

సమస్య 1: ఆపి చూస్తే వోల్టేజీ బాగుంది, మోటార్ వేస్తే నీళ్లు సరిగా రావు

మొన్న ఒక నిమ్మతోటలో ఇదే జరిగింది. ఇంటి దగ్గర కరెంటు మీటరు, అక్కడికి 120 మీటర్ల దూరంలో బోరు, సింగిల్ ఫేజ్ ఒకటిన్నర హెచ్‌పీ మోటార్. 'అబ్బయ్యా, స్టార్టర్ దగ్గర 226 చూపిస్తా ఉంది, వోల్టేజీకి ఏం లోటు లేదు' అన్నాడు పెద్దాయన. ఆయన చూసింది మోటార్ ఆపి. కరెంటు పారనప్పుడు వైరులో ఎంత రెసిస్టెన్స్ ఉన్నా వోల్టేజీ పడిపోదు, చివరిదాకా 226 అలాగే కనిపిస్తుంది. మోటార్ వేసి చూడాలి.

వేశాం. మీటరు దగ్గర 226, స్టార్టర్ దగ్గర 201. క్లాంప్ మీటర్‌లో (వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలిచేది) 9 ఆంపియర్లు. దారిలో 25 వోల్ట్‌లు పోతున్నాయి. 25ని 9తో భాగిస్తే దాదాపు 2.8 ఓమ్‌లు.

ఇప్పుడు వైరుకు న్యాయంగా ఎంత ఉండాలో చూద్దాం. అది షాపులో 2.5 ఎంఎం అని అడిగే రాగి వైరు (నిజానికి 2.5 చదరపు ఎంఎం). కిలోమీటరుకు సుమారు 7.4 ఓమ్‌లు. ఫేజ్ వెళ్లాలి, న్యూట్రల్ తిరిగి రావాలి కాబట్టి 120 కాదు, 240 మీటర్లు లెక్కపెట్టాలి. చాలామంది తప్పేది ఇక్కడే. 0.24ని 7.4తో గుణిస్తే 1.78 ఓమ్‌లు, అంటే 9 ఆంపియర్లకు 16 వోల్ట్‌లు. మిగిలిన 9 వోల్ట్‌లు ఎక్కడ పోతున్నాయి? (పవర్ ఫ్యాక్టర్, అంటే వోల్ట్‌లను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేదాంట్లో నిజంగా వాట్లయ్యే వంతు. దానివల్ల ఈ లెక్కలో కొంచెం తేడా ఉంటుంది. లోపం పట్టుకోవడానికి ఇది చాలు.)

9 వోల్ట్‌లు, 9 ఆంపియర్లు: గుణిస్తే 81 వాట్లు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు మూడు ఒకేచోట కాలుతున్నంత వేడి. అంత వేడి దాక్కోలేదు. మోటార్ ఆపి, ఫ్యూజు పీకి, వైరు వెంట నడిచాం. రెండో నిమ్మచెట్టు వరస దాటాక ఒక జాయింట్ కనిపించింది. టేపు కరిగి, మళ్లీ గట్టిపడి పెంకులా ఉంది. ఒలిస్తే లోపల రాగి పోగులు నల్లబడి, కొసన పచ్చగా చిలుము. ఎవరో చేత్తో మెలిపెట్టి టేపు చుట్టి వదిలేశారు.

పరిష్కారం: నల్లబడినంత మేరా కత్తిరించి, రాగి మెరిసేదాకా ఒలిచి, స్లీవ్ (చిన్న లోహపు గొట్టం) పెట్టి క్రింపింగ్ చేయాలి, అంటే పనిముట్టుతో గట్టిగా నొక్కాలి. ఉత్త మెలిక వద్దు. రాగినీ అల్యూమినియంనీ నేరుగా కలపాల్సి వస్తే బైమెటల్ స్లీవ్ (ఒక కొస రాగి, ఒక కొస అల్యూమినియం) వాడండి. జాయింట్ సరిచేశాక స్టార్టర్ దగ్గర 210 వచ్చింది. నీళ్లు ధారగా పడ్డాయి. అయినా 16 వోల్ట్‌లు అంటే 7 శాతం నష్టం, నా లెక్కలో అది ఎక్కువే. వైరు మార్చే వీలుంటే 4 ఎంఎం వేయండి, నష్టం 10 వోల్ట్‌లకు దిగుతుంది.

మీటరు దగ్గరే 180 ఉంటే మాత్రం లోపం మీ వైరులో లేదు, లైన్‌లో ఉంది. లైన్‌మన్‌కు చెప్పండి. అది సరయ్యేదాకా మోటార్ వేయకండి. వోల్టేజీ తగ్గితే లోడ్ మీద ఉన్న మోటార్ ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది.

సమస్య 2: వాటర్ హీటర్ ఆలస్యం చేస్తోంది

హీటర్ సంగతి మోటార్‌కు రివర్స్. దాని రెసిస్టెన్స్ దాదాపు మారదు. 230 వోల్ట్‌లకు 1500 వాట్లు అంటే 6.5 ఆంపియర్లు, సుమారు 35 ఓమ్‌లు. వోల్టేజీ 180కి పడితే కరెంటు 5.1కి తగ్గుతుంది, పవర్ 920 వాట్ల దగ్గర ఆగుతుంది. పావుగంటలో కాగే బకెట్‌కు దాదాపు 25 నిమిషాలు పడుతుంది. హీటర్ మార్చక్కర్లేదు.

సమస్య 3: మల్టీమీటర్‌లో వైండింగ్ (మోటార్ లోపలి రాగి తీగ చుట్ట) రెండు మూడు ఓమ్‌లే చూపిస్తోంది, షార్ట్ అయిందా?

ఇందువల్లే మంచి మోటార్లు పైకి వచ్చేస్తున్నాయి. పై లెక్కలో 201ని 9తో భాగిస్తే 22 ఓమ్‌లు వస్తుంది కదా, మీటర్‌లో రెండే ఉందేంటని టెన్షన్ పడతారు. తిరిగే మోటార్ లోపల ఎదురు వోల్టేజీ పుడుతుంది, కరెంటును ఆపేది ముఖ్యంగా అదే. కాబట్టి మోటార్‌కు ఆ భాగహారం వైండింగ్ రెసిస్టెన్స్ చెప్పదు. మంచి మోటార్ వైండింగ్ కూడా రెండు మూడు ఓమ్‌లే ఉండొచ్చు. అలాగే 201ని 9తో గుణిస్తే వచ్చే 1809 కూడా అసలు వాట్లు కావు. పవర్ ఫ్యాక్టర్ 0.85 అనుకుంటే దాదాపు 1540.

ఓమ్‌లు కొలిచేటప్పుడు సప్లై పూర్తిగా తీసేయండి, కెపాసిటర్‌ను విడదీసి డిశ్చార్జ్ చేయండి. ఇందులో రాజీ వద్దు.

సమస్య 4: మోటార్ తిరుగుతోంది, క్లాంప్ మీటర్‌లో సున్నా

ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి క్లాంప్‌లో పెట్టి ఉంటారు. వెళ్లేదీ వచ్చేదీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక్క వైరునే పెట్టండి.

పని అయ్యాక నేను స్టార్టర్ బాక్స్ తలుపు లోపల మార్కర్‌తో తేదీ వేసి, మోటార్ తిరుగుతుండగా మీటరు దగ్గర ఎంత, ఇక్కడ ఎంత, ఎన్ని ఆంపియర్లు అని రాసి వస్తాను. ఆ తోటలో రాసింది 226, 210, 9.